లెక్కకు రాని నీళ్లు

కర్నూలు మీటింగ్ హాల్లో
ఫ్యాను రెగ్యులేటర్ పాడైంది.
తిరిగితే ఐదు మీద తిరుగుతుంది, లేదంటే లేదు.
కాగితాలు ఎగిరిపోకుండా
వాటి మీద నీళ్ల గ్లాసులు పెట్టాం.
అవి నీళ్ల ధర కాగితాలు.

నేను మినిట్స్ రాసే మనిషిని.
ఎవరెంత మాట్లాడినా
ఒక్క వాక్యానికి దించాలి.

కొత్త కమిషన్ ఛైర్మన్ మంచివాడిలాగే ఉన్నాడు.
రాబోయే ఐదేళ్లకు కిలోలీటరు ఎంత,
పేదింటికి మొదటి ఆరు కిలోలీటర్లు ఎంత,
కంపెనీ మునగకుండా ఎంత,
తేలితే అందులో ఊరికెంత.
తెర మీద గీత పైపైకి పోతూనే ఉంది,
తుంగభద్ర ఏ ఎండాకాలమూ
ఇసక చూపించదన్నట్టు.

ఇంజనీరు లేచాడు.
సుంకేసుల కాడ నూరు బిందెలు బయల్దేరితే
నలభై మూడు దారిలోనే మాయం సార్, అన్నాడు.
ఆఫీసులో వాటికో పేరుంది:
లెక్కకు రాని నీళ్లు.

నా పెన్ను అక్కడ ఆగింది.

ఆ నలభై మూడులో కొన్నింటిని నేనెరుగుదును.
బుధవారపేట మలుపులో, సైకిల్ షాపు ముందర,
మే నెలలో కూడా రోడ్డు చెమ్మగా ఉండే చోట
రెండు కుక్కలు, ఒక కుంటి మేక,
పక్కీరప్ప ఇడ్లీ బండి ప్లేట్లు,
ఎవరూ నాటని బొప్పాయి చెట్టు.
దాని కాయలు నేనూ తిన్నాను.

మా నాయన మద్దిలేటి
ఇరవై తొమ్మిదేళ్లు వాల్వు తిప్పాడు.
ఇనుప తాళంచెవి భుజాన వేసుకొని
మూడో జాము దాటకముందే పోయేవాడు.
పై వీధికి పదకొండు చుట్లు, కింది వీధికి ఏడు.
పెండ్లింటికి రెండు ఎక్కువ.
సావింటికి అడక్కుండానే మూడు.
కౌన్సిలర్ ఇంటికెన్నో
ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
అది న్యాయమని నేననను.
కింది వీధి ఉసేనమ్మ అసలే అనదు.

ఆమె వచ్చింది. టోకెన్ నంబరు పదిహేడు.
మైకును రోకలి పట్టినట్టు పట్టుకుంది.

"సార్, రెండు దినాలకొకసారి కొళాయి వస్తాది.
నీళ్ల కంటే ముందు పది నిమిషాలు గాలొస్తాది,
బుస్సుమని పాము మాదిరి.
ఆ గాలికే మీ మీటరు గిరగిరా తిరుగుతాది.
నేను కాళీ బిందె పెట్టుకొని
దాన్ని సూస్తా కూసుంటా.
నీళ్లకు కడతా. కట్టనని నేననలే.
గాలికి కిలో ఎంతనో అది సెప్పండి."

హాలంతా నవ్వింది.
ఛైర్మన్ నవ్వలేదు, ఇంజనీరు వైపు చూశాడు.
ఇంజనీరు చేతిగడియారం వైపు చూసుకున్నాడు.

ఆమె కూర్చోలేదు.

"ఇంగోటి సార్. నీళ్లు నిలిచిపోయినంక
ఆ పైపు ఏం తాగుతాదో ఎరికేనా?
బైటికి కారే బొక్క లోపలికీ పీలుస్తాది.
పక్కనే మోరీ.
పోయిన వానలకు మా మనవరాలు
ఆరు దినాలు పెద్దాసుపత్రిలో ఉండె.
ఆ బొక్క ఇంకా అట్లే ఉండాది,
సైకిల్ షాపు ముందర."

బొప్పాయి తీపి
ఇన్నేళ్ల తర్వాత గొంతులో అడ్డం పడింది.

ఆమె మాట అయిపోయింది. దాహమేసిందేమో,
బల్ల మీది గ్లాసెత్తి గటగటా తాగేసింది.
కింది కాగితం లేచిపోయింది.
మూడో ఏడు, నాలుగో ఏడు రేట్లు
జనం కాళ్ల మధ్య దొర్లుతుంటే
ఛైర్మనే వంగి ఏరుకున్నాడు.

నేను రాశాను:
పదిహేడు. మీటరులో గాలి, పైపులో మురుగు.
పరిశీలించవచ్చు.

కాసేపు చూశాను.
'వచ్చు' కొట్టేసి 'వలెను' అని పెట్టాను.
నన్నెవరూ అడగలేదు.
చెయ్యి మాత్రం వణికింది,
ఎన్ని చుట్లు తిప్పానో తెలియక.

సాయంత్రం అటే నడిచి వచ్చాను.
సైకిల్ షాపు ముందర చెమ్మ చుట్టూ
తెల్లరంగుతో గుండ్రంగా గీసి
లోపల నంబరు వేసి పోయారు.
గీత ఇంకా ఆరలేదు.
కుక్క ఆ సున్నా మధ్యలోనే
చల్లగా పడుకొని ఉంది.